ఎడమవైపు సాన

తిరుపతి,
జూలై 14

నాయనా,

మీరంతా నన్ను తప్పుగా చదివారు. ముందు ఆ మాట రాసేసి మిగతాది తర్వాత రాస్తాను.

కోర్టు గేటు దగ్గర నీ బల్ల ముందుకొచ్చి గోడు చెప్పుకునే ప్రతి మనిషినీ "ఊరికే చెప్తే ఏం లాభం, కాగితం మీద పెట్టు" అంటావు కదా. అర్జీలు రాసేవాడి కూతుర్ని కాబట్టి నేనూ కాగితం మీదే పెడుతున్నాను. ఫోన్లో అయితే రెండు మాటలు అనేలోపే అమ్మకు ఇచ్చేస్తావు.

ఆదివారం దేవకమ్మత్త మనవరాలికి చెవులు కుట్టించినప్పుడు మీరు నా కుడిచెయ్యి చూసిన చూపు నాకింకా మండుతూనే ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ ప్లాస్టర్లు, మణికట్టు దగ్గర ఒక గాటు. ఏమైందని అమ్మ అడిగింది. కత్తి జారిందన్నాను. నిజంగా కత్తే జారింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకేసి, "ఎవురే వాడు?" అంది. ఎవరూ లేరన్నాను. "ఎవురూ లేకుంటే చెయ్యెందుకు కోసుకుంటావే పిచ్చిదానా" అంది.

కుడిచేతికి కట్లుండి తాంబూలం పళ్ళెం ఎడమచేత్తో అందించబోతే అత్త లాక్కుంది. స్పూనుతో అన్నం తింటుంటే పంక్తిలో అందరూ తినడం ఆపి చూశారు. నేను బస్సెక్కేసరికి నన్నెవడో మోసం చేశాడని, నేను చావబోయానని, ఆ సంగతి నువ్వు దాస్తున్నావని కూడా తేలిపోయింది. ఇంత అల్లినవాళ్ళలో ఒక్కరైనా ఏ కత్తి అని అడగలేదు.

నువ్వు మాత్రం లేచి నా దగ్గరకొచ్చావు. నా చెయ్యి పట్టుకుని వాకిట్లో వెలుతురుకు తిప్పావు. కళ్ళద్దాలు పైకి జరిపి, మానిపోయిన పాత గాట్లతో సహా కాగితం చదివినట్టు చదివావు. తర్వాత "సరే" అన్నావు. వాళ్ళందరి మాటలకన్నా నీ "సరే" నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

చుట్టాలతో నేను పాకాల నర్సరీలో సూపర్‌వైజర్నని చెబుతున్నావట. కాదు. బాటనీలో ఎమ్మెస్సీ చేసి, మీరు డబ్బు కట్టిన బ్యాంకు కోచింగు మానేసి, రోజూ తిరుపతి నుంచి రైల్లో పోయి, గోనెపట్టా మీద కూర్చుని మామిడికి అంటు కడుతున్నాను. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, నడిమికి చీల్చి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొదలును ఆప్పులా రెండువైపులా ఏటవాలుగా చెక్కి అందులో దూర్చి కట్టాలి. దానికి వాడేది మడత కత్తి. మూస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. తెరిస్తే గడ్డం గీసుకోవచ్చు. పుల్ల గట్టిగా ఉంటే జారుతుంది, జారితే పుల్ల పట్టుకున్న చెయ్యి తెగుతుంది. ఒకసారి ముయ్యబోతే చూపుడువేలు మధ్యలో ఇరుక్కుంది. అంతే జరిగింది.

ప్రేమా కాదు, చావూ కాదు. కత్తి. అత్తకు చదివి వినిపించు.

రూపశ్రీ


చిత్తూరు,
జూలై 20

చిరంజీవి రూపశ్రీకి నాయన దీవెనలు.

నీ ఉత్తరం అందినది. దస్తూరి బాగున్నది. కోపములో రాసినా గీత తప్పలేదు. 'ళ'కు చుట్టు మాత్రం తొందరగా ముగించావు.

మీ అత్త మాటలు పట్టించుకోవద్దు. నీ పని గురించి నాకు సరిగా తెలియకపోవడం నా లోపమే. తెలుసుకుందామని అడుగుతున్నాను. ఆ కత్తి ఎవరిది? నీకు ఎవరు నేర్పుతున్నారు? ఆయన పేరు, ఊరు ఏమి? మీరు పని చేసేటప్పుడు ఎంత దూరములో కూర్చుంటారు? మణికట్టు దగ్గరి గాటు పడినప్పుడు పక్కన ఎవరున్నారు? తీరికగా అన్నీ రాయి. ఊరికే తెలుసుకుందామని, అంతే.

మీ అమ్మ పసుపు కొట్టించి పంపుతున్నది. పుండు మీద చల్లుకో.

మునిరామయ్య


తిరుపతి,
జూలై 25

నాయనా,

ఏ కత్తి అని అడిగింది ఇన్నాళ్ళకు నువ్వొక్కడివే. సగం కోపం పోయింది. మిగతా సగం అత్త కోసం దాచుకుంటున్నాను.

కత్తి మోహన్‌కృష్ణది. పాకాల పక్కనే వాళ్ళ పల్లె. నాకన్నా కొంచెం పెద్దవాడు, పదో తరగతి అయినప్పటి నుంచి ఇదే పని. నర్సరీ యజమానురాలు లోకేశ్వరి గారు నన్ను అతని దగ్గర కూర్చోబెట్టారు. ఒకే పట్టా మీద మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుంటాం, లేకపోతే చూసి నేర్చుకోవడం కుదరదు. అటుపక్క వాళ్ళావిడ మోనిక కూర్చుంటుంది. మేం దూర్చిన పుల్లలకు ప్లాస్టిక్ రిబ్బను చుట్టడం ఆమె పని. నేను వేలు కోసుకున్నప్పుడల్లా మోహన్‌కృష్ణ "మేడమ్ మామిడికి నెత్తురు పోస్తాండాది, కాయలు ఎర్రగా కాస్తాయిలే" అంటాడు. "నీ నోరు ముయ్యి, కత్తి ముయ్యనేర్పు ముందు" అని మోనిక. రోజంతా ఇదే.

మణికట్టు గాటు సంగతి. బేనీషా మామిడి పుల్ల ముదిరి ఉంది, బలంగా నొక్కాను. కత్తి జారి బొటనవేలు దాటి వచ్చి అక్కడ ఆగింది. నెత్తురు బాగానే పోయింది. మోహన్‌కృష్ణ నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు, అరిచినా వదల్లేదు. మోనిక తన రిబ్బన్లే తెచ్చి బిగించి కట్టింది. అంటు కట్టినట్టే కట్టావే అని నేను నవ్వాను. నొప్పిలో నవ్వితే అదో రకంగా ఉంటుంది.

నేను కట్టిన మొదటి వరసలో చాలావరకు ఎండిపోయాయి. కొన్నిటికి మాత్రం ఎర్రటి చిగురు వచ్చింది. ఆ రోజు రైల్వే స్టేషన్‌కు నడుస్తుంటే ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. హాస్టల్లో అందరూ గ్రూప్స్ పుస్తకాలు పట్టుకుని ఉన్నారు. అందుకే నీకు చెబుతున్నాను.

అమ్మ పసుపు అందింది.

రూప


తిరుపతి,
ఆగస్టు 6

మునిరామయ్య గారికి,

చిత్తూరు కోర్టు గేటు ముందర, జిరాక్సు షాపు పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసే మునిరామయ్య గారికే ఈ ఉత్తరం. మా నాయనకు రాయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఈరోజు పట్టా మీద మోహన్‌కృష్ణ లేడు. మోనిక నావైపు చూడకుండా రిబ్బన్లు కత్తిరిస్తోంది. లోకేశ్వరి గారు ఆఫీసులోకి పిలిచి, బల్ల మీద ఒక కాగితం నావైపు తిప్పారు. కిందున్న సంతకం దాకా పోనక్కర లేకపోయింది. గుమ్మంలో నుంచే దస్తూరి గుర్తుపట్టాను. నాదీ అదే కదా.

"సదరు మోహన్‌కృష్ణ అను వ్యక్తి పని నేర్పు నెపమున నా కుమార్తెను తన పక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె చేయి గట్టిగా పట్టుకొని, అరిచినను వదలక, తన మడత కత్తితో పలుమార్లు గాయపరచియున్నాడు. నా కుమార్తె కుడిచేతి వాటము గలది. గాయములన్నియు కుడిచేతి మీదనే యున్నవి. కుడిచేతి వాటము గల మనిషి తన కుడిచేతిని తాను కోసుకొనుట అసంభవము. భయముచేత ఆమె నిజము దాచుచున్నది."

చెయ్యి గట్టిగా పట్టుకుని. అరిచినా వదల్లేదు. నేను నీకు రాసిన మాటలే. మనసు కొంచెం మెత్తబడి, చిగురు సంగతి చెప్పుకుందామని రాసిన ఉత్తరంలోవి. ఊరికే తెలుసుకుందామని అంతే, అని రాశావు.

ఒక నకలు పోలీసు స్టేషన్‌కు వెళ్ళింది. నిన్న అతన్ని పిలిపించి పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారట. ఆడపిల్ల వ్యవహారం, సీజను, నాకెందుకొచ్చిన తలనొప్పి, ఇది తేలేదాకా రావద్దన్నానని లోకేశ్వరి గారు చెప్పారు. ఆవిడ నన్ను నమ్ముతారట. కానీ రాసిన మనిషే వెనక్కి తీసుకోవాలట.

మధ్యాహ్నం మోనిక దగ్గరికి వెళ్ళాను. "నా మొగునికి నీ చెయ్యి కోసే తీరిక యాడుండాదమ్మా? తలెత్తితే అంట్ల లెక్క తప్పిపోతాదని నీళ్ళు గూడా తాగడు" అంది. నవ్వుతూ అనలేదు. తర్వాత, "ఊర్లో మా అత్తనడిగినారంట, మీ కొడుకు ఆడపిల్లను కోసినాడంట గదా అని. పాలు పొయ్యబోయిన ఇంట్లో. ఆమె చెంబు ఆడనే పెట్టేసి వచ్చేసింది" అంది. ఆ మాట రాసింది మా నాయనని వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు నీ అసంభవం సంగతి. మునిరామయ్య గారూ, మీ కుమార్తె పుర్రచేతిది. కత్తి ఎడమచేత్తో పడుతుంది. పుల్ల కుడిచేత్తో పట్టుకుంటుంది. అందుకే కుడిచెయ్యి తెగుతుంది. మీరు గుర్తుపెట్టుకుని ఉంటే ఒక్క ముక్కతో తేలిపోయేది.

పోయిన వారమే నాకు ఇంకోటి కూడా తెలిసింది. అంటు కత్తికి ఒకవైపే సాన ఉంటుంది, రెండోవైపు చదును. కుడిచేతి వాళ్ళకు అనువుగా చేస్తారు. ఎడమచేత్తో పడితే అది పుల్ల మీద నిలవదు, పక్కకు తన్నుతుంది. కత్తిని బల్ల మీద పడుకోబెట్టి రెండు వైపులా చూస్తే అర్థమైంది. మోహన్‌కృష్ణ దాన్ని పాకాలలో సాన పట్టే ఆయన దగ్గరకు తీసుకెళ్ళి ఎడమవైపు పట్టించి తెచ్చి ఇచ్చాడు. అది మొన్నటి మాట. మీ అర్జీ కబురు అతని ఇంటికి చేరింది నిన్న. కత్తి మారాక ఈ రెండు రోజుల్లో నా వేలు ఒక్కసారి కూడా తెగలేదు.

అర్జీ వెనక్కి తీసుకోండి. స్టేషన్‌కు నేను వెళ్ళి చెప్పగలను. మీ పేరు మీరే కాపాడుకునే అవకాశం ముందు మీకిస్తున్నాను.

ఎమ్. రూపశ్రీ


చిత్తూరు,
ఆగస్టు 13

చిరంజీవి రూపశ్రీకి,

కన్నతండ్రిని గారూ అని పిలిచే చదువు చదివించినందుకు సంతోషము.

నేను ఎందుకు రాశానో చెబుతాను. నా బల్ల ముందుకు ఎందరో ఆడపిల్లలు వచ్చారు. మెట్ల మీద జారాను అన్నారు. తలుపు తగిలింది అన్నారు. కత్తిపీట మీద చెయ్యి పడింది అన్నారు. వాళ్ళు చెప్పినట్టే రాసి పంపాను. అందులో ఒక పిల్ల సంగతి తర్వాత ఆసుపత్రి నుంచి తెలిసింది. అప్పటినుంచి జారింది అనే మాట వింటే నాకు నిద్ర పట్టదు. నీ చేతి మీద మానినవి, మానుతున్నవి, పచ్చివి, అన్ని రకాల గాట్లూ చూశాను. ఒక్కరోజులో పడినవి కావు. నా స్థానములో ఏ తండ్రి అయినా అదే చేస్తాడు.

నీవు పుర్రచేతి దానివని రాశావు. మన ఇంట్లో పుర్రచేతి వాళ్ళు ఎవరూ లేరు. నీ చేత మొదటి అక్షరము రాయించినది నేను. ఏ చేత్తో రాశావో నాకు తెలుసు. నీ దస్తూరి చూసి మీ బడిలో పంతుళ్ళందరూ మునిరామయ్య కూతురని మెచ్చుకున్నారు. అవతలి మనిషిని కాపాడడానికి నీవు ఈ మాట కల్పించావని నా అనుమానము.

నేను రాసిన కాగితము ఇంతవరకు ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. కోర్టు గేటు దగ్గర నా మాటకున్న విలువ అదే. మునిరామయ్య సొంత కూతురి విషయములో తప్పు రాశాడని ఒకసారి అంటే, రేపు నా బల్ల ముందు ఎవరు కూర్చుంటారు? ఆలోచించు.

నర్సరీ మానేసి ఇంటికి రా.

మునిరామయ్య


తిరుపతి,
ఆగస్టు 18

అర్జీలు రాసే నాయనకు,

ఆసుపత్రి పాలైన ఆ అమ్మాయి గురించి చదివాక కొంతసేపు ఉత్తరం పక్కన పెట్టాను. నీ భయం నాకు అర్థమైంది. కానీ ఆమెను నమ్మి పొరపాటు చేశావని నన్ను నమ్మకుండా ఆ లెక్క సరిచేసుకుంటావా? ఆమె దాచింది కాబట్టి నేనూ దాస్తున్నానా? నేను దాచలేదు. అడిగినవన్నీ రాశాను. దాచింది నువ్వు.

మన ఇంట్లో పుర్రచేతి వాళ్ళు లేరా? అయితే ఆ ఎర్ర నాడా ఎవరికి కట్టావు?

కోర్టు కాగితాల కట్టలకు చుట్టే ఎర్ర నాడా. నేను పలక పట్టుకోగానే నా ఎడమచేతిని వీపు వెనక్కి పెట్టి, దాంతో నడుముకు కట్టేవాడివి. గట్టిగా కట్టేవాడివి కాదు, అది కూడా రాస్తాను, నీలా సగం రాయను. ముడి కూడా పువ్వులా వేసేవాడివి. పక్కింటి పిల్లలు కిటికీలోంచి చూసి "రూపా దస్తావేజు" అనేవాళ్ళు. అన్నం ముందు ఎడమచెయ్యి లేస్తే అవ్వ గరిటె కాడతో కొట్టేది. ఒక ఎండాకాలమంతా అంతే. బడి తెరిచేసరికి నేను కుడిచేతి పిల్లనైపోయాను. మీరు పండగ చేసుకున్నారు, అవ్వ పాయసం చేసింది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోతే లేనట్టే అయిపోయింది మీకు.

కానీ నాడా కట్టింది రాయడానికీ తినడానికీ మాత్రమే నాయనా. తలుపు గడియ తీసేది, చీపురు పట్టేది, రాయి విసిరేది అన్నీ ఎడమచేత్తోనే. మీరెప్పుడూ చూడలేదు. కత్తి మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఏ చేతిలోకి వెళ్ళిందో నేను కూడా గమనించలేదు. దానంతటదే వెళ్ళింది. మోహన్‌కృష్ణే చూసి "మేడమ్, నువ్వు పుర్రచేతిదానివా?" అన్నాడు. ఔనన్నాను. ఆ మాట పైకి అనడం జీవితంలో అదే మొదలు. నువ్వు అతన్ని కోర్టు భాషలో సదరు వ్యక్తి అన్నావు. నా చెయ్యి ఏదో నన్నడిగి తెలుసుకున్న సదరు వ్యక్తి అతనొక్కడే.

కత్తి పంపిస్తున్నాను. తిరుపతి బస్టాండులో కార్గోకు ఇచ్చాను, చిత్తూరు బస్టాండులో తీసుకో. గొడవలొస్తాయని మన ఇంట్లో కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు కదా, కింద పెడితే తీసుకుంటారు. ఇది కింద పెట్టినట్టే అనుకో. పెరట్లో జామకొమ్మ ఒకటి విరిచి, ఈ కత్తి నీ కుడిచేతిలో పట్టుకుని, కొనను సన్నగా చెక్కిచూడు. జాగ్రత్తగా. ఎడమవైపు సాన పట్టిన కత్తి కుడిచేతి మనిషిని ఏం చేస్తుందో అదే చెబుతుంది. అప్పుడైనా నమ్ముతావేమో. నా మాటకన్నా సాక్ష్యం మీదే కదా నీకు గురి.

మోనిక ఈరోజు అడిగింది, "మీ నాయన పరువుకని నా మొగుడు ఇంగెన్నాళ్ళు ఇంట్లో కూసోవాల?" అని. వచ్చే నెల మొదటి సోమవారం దాకా అన్నాను. నీకూ అదే చెబుతున్నాను.

రూప


చిత్తూరు,
ఆగస్టు 28

చిరంజీవి రూపశ్రీకి దీవెనలు.

పార్సెలు అందినది. పనుల ఒత్తిడిలో దాన్ని విప్పి చూసే తీరిక కలగలేదు.

ఈ వ్యవహారము లాగడము ఎవరికీ మంచిది కాదని నాకూ అనిపించినది. అందుకని ఒక రాజీ కాగితము తయారుచేసి దీనితో పంపుతున్నాను. తన అజాగ్రత్త వలన నీకు గాయములైనవని, ఇకమీదట నీ దరిదాపులకు రానని, వేరే చోట పని చూసుకుంటానని ఆ అబ్బాయి సంతకము చేస్తాడు. ఇష్టపూర్వకముగా ఒప్పుకున్నానని నీవు సంతకము చేస్తావు. నేను అర్జీ మీద ఇక పట్టుబట్టను. కేసు ఉండదు, ఎవరి మాటా పోదు. చెయ్యి వాటము సంగతి ఎక్కడా రాయలేదు, అది మన ఇంటి సంగతి. మీ అత్త కూడా ఇదే మేలంటున్నది.

సంతకము నీ మామూలు దస్తూరితో చెయ్యి.

మునిరామయ్య

(వెనక, వేరే దస్తూరితో)

రూపా, నేను మీ అమ్మను. ఈయప్ప స్నానానికి పోయినాడు, అంతలో రాస్తాండాను. కత్తి విప్పలేదని రాసినాడు గదా. పార్సెలు వచ్చిన దినమే విప్పినాడు. పెరట్లోకి పోయి జామకొమ్మ విరిచినాడు, నేను కిటికీలో నుంచి సూస్తానే ఉండాను. రెండుసార్లు గీకినాడు. మూడోసారికి అబ్బా అని చెయ్యి విదిలించినాడు. ఎడమ బొటనేలు లోతుగా తెగింది. ఏమైందయ్యా అని పోతే కాగితం అంచు తగిలింది అన్నాడు. కాగితానికి అంత నెత్తురు వస్తాదా? నేను నవ్వలా. గుడ్డ కట్టినాను. రెండు దినాలు కోర్టుకు పోలేదు. కత్తి తుడిచి, మూసి, ఆయన పెట్టెలో ఎర్ర నాడాల కింద పెట్టుకున్నాడు. దాన్ని తీసి సూస్తాంటాడు, నేను పోతే మూసేస్తాడు.

ఆయనకు తెలిసిపోయిందే. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోడు. నేను నీకు చెప్పేది ఏమంటే, నీ ఎడమచెయ్యి కట్టేసినబ్బుడు నేను గూడా పక్కనే ఉండాను, వద్దనలా. నువ్వే సూసుకో.

అమ్మ


తిరుపతి,
సెప్టెంబరు, మొదటి ఆదివారం

నాయనా,

నువ్వు పంపిన రాజీ కాగితం వెనకవైపు ఇది రాస్తున్నాను. ముందువైపు సంతకం లేదు. ఉండదు.

అక్షరాలు ఇలా వంకర పోతున్నాయేమని చూస్తున్నావు కదా. ఎడమచేత్తో రాస్తున్నాను. గీత మీద నిలవడం లేదు. 'ళ' చుట్టు ఎటు తిప్పాలో చెయ్యికి తెలియడం లేదు. చిన్నప్పుడు నేర్చుకోవలసింది ఇప్పుడు నేర్చుకుంటున్నాను, కొంచెం టైము పడుతుంది. ఒక్కో వాక్యానికి చెయ్యి నొప్పి పుడుతోంది, అందుకని తక్కువ రాస్తాను.

కత్తి నిన్ను కోసింది. నీకు నిజం తెలిసింది. తెలిశాక కూర్చుని, తప్పేమీ చెయ్యని మనిషి చేత "నా అజాగ్రత్త" అని రాయించడానికి కాగితం తయారుచేశావు. అర్జీ రాసినప్పుడు నువ్వు భయపడిన తండ్రివి, దాన్ని నేను మన్నించగలిగేదాన్ని. ఈ రాజీ కాగితం రాసిన రోజు నువ్వు భయపడలేదు. వేలికి గుడ్డ కట్టుకుని రాశావు.

రాజీ కాగితం మోహన్‌కృష్ణకు చూపించాను. చదివాడు. కోప్పడతాడనుకున్నాను. "మీ నాయన దస్తూరి శానా బాగుండాది మేడమ్, నీకు గూడా వస్తాదా ఇట్ల?" అన్నాడు. మోనిక కాగితం అతని చేతిలోంచి లాగి నాకిచ్చేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

రేపు సోమవారం. పొద్దున స్టేషన్‌కు వెళ్తున్నాను. లోకేశ్వరి గారు వస్తారు, మోనిక వస్తుంది. ఒక మామిడి పుల్ల, మోహన్‌కృష్ణ ఇచ్చిన ఇంకో కత్తి పట్టుకెళ్తున్నాను. వాళ్ళ ముందు ఎడమచేత్తో పుల్ల చెక్కి చూపిస్తాను. మా నాయన మునిరామయ్య రాసిన అర్జీ అబద్ధం, నన్ను ఎవరూ కోయలేదు, నేను పుర్రచేతిదాన్ని అని వాళ్ళ ముందే ఎడమచేత్తో రాసి సంతకం పెడతాను. దస్తూరి బాగుండదు. నీ పేరు మాత్రం తప్పుల్లేకుండా రాస్తాను. నకలు కోర్టు గేటు దగ్గర నీ బల్ల మీదికి వస్తుంది, అమ్మ నీకు చెప్పేలోపే అక్కడున్న అందరూ చదువుతారు.

నేను ఇంటికి రావడం లేదు. హాస్టలు ఖాళీ చేసి పాకాలలో గది తీసుకున్నాను. నర్సరీ మానను. మోహన్‌కృష్ణ పక్కనే, అదే పట్టా మీద కూర్చుంటాను. ఎవరి ఇంట్లో తిన్నా ఎడమచేత్తో తింటాను.

ఆ కత్తి నీ దగ్గరే ఉంచుకో.

రూపశ్రీ